ఆపే ముందు ఒక నిమిషం

ఈ సంవత్సరం నా నోటుపుస్తకంలో నమోదైన అన్యాయాలు ఇవి.

జూన్, రెండో ఆదివారం: ఆరాధన ముగిశాక చర్చి గేటు దగ్గర ఒంటిగంట దాకా నిలబడ్డాను. రాలేదు. కబురు లేదు.

జూన్, నాలుగో ఆదివారం: లారీల పని ఉందని ఫోను. ఆ ఫోను కూడా తాను చేయలేదు, గుమాస్తా చేత చేయించాడు.

ఆగస్టు, మొదటి ఆదివారం: వచ్చాడు, కొత్త కారులో. పరీక్ష జరిగింది, వివరాలు కింద ఉన్నాయి. ఇంజను ఆపి దిగిపోయాడు. కాఫీ తాగలేదు.

ఆగస్టు, రెండో మంగళవారం: పాత కారును తుక్కుకు ఇవ్వడానికి సమ్మతిపత్రం రాయించి డ్రైవరు చేతికిచ్చి పంపాడు. నన్ను సంతకం పెట్టమన్నాడు.

వీటిని చేసినవాడు శత్రువు కాడు, ఇరవై ఏళ్ల స్నేహితుడు. కోస్తా నుంచి వచ్చి తెక్కలకోట దగ్గర కాలువ కింద వరి వేసుకొని స్థిరపడిన కుటుంబం వాళ్లది, ఆయన యాస మాత్రం ఇక్కడిదే. ఆ రోజుల్లో నాది కాలువ మీద నీటిమట్టం చూసి రిజిస్టరులో రాసే ఉద్యోగం. పొలానికి నీళ్లు అందలేదని పోట్లాడటానికి వచ్చాడు. నేను రిజిస్టరు తెరిచి ముందు పెట్టాను. చాలాసేపు పేజీలు తిప్పి తల ఎత్తాడు.

"నీళ్లయితే రాలేదు గానీ సారూ, రాత మాత్రం శానా బాగుండాది."

ఆ మాటకు నేను నవ్వాను. స్నేహం అక్కడ మొదలైంది.

కొన్నేళ్లకు, ఇక్కడి పని ముగించుకొని స్వదేశానికి వెళ్లిపోతున్న ఒక విదేశీ ఇంజనీరు దగ్గర ఇద్దరం చెరిసగం వేసుకొని ఒక కారు కొన్నాం. అప్పటికే పాతది. మూడు తలుపుల చిన్న బండి, చూడటానికి ఏమీ లేదు. కానీ దాని ఇంజనుకు టర్బో ఉంది. పొగగొట్టం వైపు పోయే వేడి వాయువు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. అంత చిన్న ఇంజను అంతలా పరుగెత్తడానికి కారణం అదే.

కారు పట్నంలోని కంటోన్మెంట్‌లో మా షెడ్డులో ఉండేది. ప్రతి ఆదివారం ఆయన మొదటి బస్సుకు వచ్చి, ఆరాధన ముగిసేదాకా చర్చి గేటు దగ్గర నిలబడేవాడు. అక్కడి నుంచి సిరుగుప్ప రోడ్డు మీదుగా తెక్కలకోటలో వాళ్లింటి దాకా ఆయన నడిపేవాడు. వాళ్లింట్లో భోజనం చేసి, తిరుగుప్రయాణం నేనొక్కణ్ణే.

మొదటి టర్బోను మూడు నెలల్లోనే పాడు చేశాం. నీలం పొగ వస్తుంటే కౌల్ బజార్‌లోని కార్ల మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన దాన్ని విప్పి, బేరింగు మీద బొగ్గులా మాడిన నూనెను గోటితో గీకి చూపించాడు.

"దూరం ఉరికొచ్చి గబుక్కన ఆపుతాండారు గదా? ఇంజన్ ఆపితే నూనె ఆగిపోతాది సాబ్. ఈ చక్రం ఆగదు, ఎర్రగా కాలి తిరగతానే ఉంటాది. మా నాయన జట్కా తోలేవాడు. ఉరికొచ్చిన గుర్రాన్ని జర నడిపించి కట్టేసేవాడు. గుర్రానికిచ్చే మర్యాద దీనికీ ఇయ్యండప్పా."

"గుర్రానికైతే గడ్డి వేస్తే సాలు. దీనికి గడియారం పెట్టుకోని కూచోవల్లనా?" అన్నాడు మా వాడు.

"ఒక్క నిమిషం కూచుంటే నీ సొమ్మేం పోతాదప్పా?"

ఆ రోజు నుంచి ఎక్కడ ఆగినా ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి, నా చేతిగడియారం చూసి, నిమిషం నిండాకే తాళం తిప్పేవాళ్లం. "అయ్యిందా సారూ?" అని ఆయన అడగాలి. "అయ్యింది" అని నేను చెప్పాలి. నోటుపుస్తకంలో ఆ నిమిషానికి ఒక గడి గీశాను.

తర్వాత ఇనుప ఖనిజం గనుల జోరు వచ్చింది. పొలాన్ని కౌలుకిచ్చి ఆయన లారీలు కొన్నాడు. ఎర్రదుమ్ము చర్చి బెంచీల మీదికీ వచ్చింది. మా కారు ఎయిర్ ఫిల్టరును నెలకోసారి విప్పి దులిపినా కుంకుమ రాలినట్టు రాలేది. ఆ దుమ్ములో ఆయన లారీల వంతు కూడా ఉందని ఒక ఆదివారం అన్నాను. "మీ రిజిస్టర్లో రాసుకోండి సారూ" అన్నాడు. రాసుకున్నాను.

ఆగస్టులో ఆయన తెచ్చిన కారు కూడా చిన్నదే, దిగుమతి చేసుకున్నదే, దానికీ టర్బో ఉంది. పాతది ఇక పనికిరాదని ఆయన, పరీక్షించకుండా ఆ మాట అనరాదని నేను. ఒకే రోడ్డు, ఒకే మైలురాయి, మూడో గేరు, నడిపేది ఆయనే. స్టాప్‌వాచీతో పక్కన నేను.

మొదట పాతది. యాక్సిలరేటరు తొక్కితే రెండు అంకెలు లెక్కపెట్టే దాకా ఏమీ జరగదు. బానెట్ కింద ఒక ఈల మొదలవుతుంది. ఆ పైన బలమంతా ఒక్కసారిగా వచ్చి పడుతుంది, ముందు చక్రాలు స్టీరింగును చేతుల్లోంచి లాక్కోవాలని చూస్తాయి. ఎదుటి బండిని దాటాలంటే ముందుగానే తొక్కి కాచుకోవాలి. ఆ కాచుకోవడం ఆయనకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ రోజు కూడా ఒక్కసారి తప్పలేదు.

తర్వాత కొత్తది. తొక్కిన క్షణంలోనే కదిలింది. దాని టర్బో చక్రం చిన్నది, తేలికైనది, కొద్దిపాటి వాయువుకే వేగం అందుకుంటుంది. ఎంత గాలి తోయాలో ఒక కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఈల లేదు, లాగుడు లేదు.

"ఎట్లుండాది సారూ?"

"రాస్తాండా. మాట్లాడొద్దప్పా."

"మీరు రాసేలోపల ఇంకో ఊరొస్తాది."

వేగంలో, నిలకడలో, పెట్రోలు ఖర్చులో కొత్తదే మేలు. ఈ మాట ఆ రోజే నా చేత్తో రాశాను. ఇప్పుడూ కాదనను.

తిరిగి వచ్చి, కాఫీకని మా గేటు ముందు ఆపి, తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. ఆయన మాత్రం స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, ముందుకు చూస్తూ అడిగాడు.

"అయ్యిందా సారూ?"

నేను గడియారం వైపు చూశాను. అప్పటికి ఆయనకే గుర్తొచ్చింది. "దీనికి అక్కర్లేదు గదా" అని నవ్వి దిగాడు. ఫోను మోగితే మాట్లాడుతూ వీధి మలుపు దాకా నడిచి వెళ్లాడు.

నేను సీట్లోనే ఉండిపోయాను. ఆగిపోయిన కారు ముందుభాగంలో సన్నగా ఏదో తిరుగుతున్న చప్పుడు. కొత్త టర్బో బేరింగు చుట్టూ నీళ్లు పారతాయి. ఇంజను ఆగాక కూడా ఒక చిన్న పంపు వాటిని తిప్పి బేరింగును చల్లారుస్తుంది. అంటే ఆ నిమిషం ఎక్కడికీ పోలేదు. మనుషుల అవసరం లేకుండా కారే దాన్ని గడుపుకుంటోంది. అది ఆగేదాకా కూర్చున్నాను.

ఆయన తిరిగి వచ్చి కిటికీ దగ్గర వంగాడు. "ఆ పాత డబ్బా ఇంకెందుకు సారూ? ఈ దుమ్ములో దానికి ఊపిరి ఆడల్లేదు. తుక్కుకు ఇచ్చేద్దాం. మీరు ఊ అంటే సాలు." నేను ఊ అనలేదు. కాఫీకి టైము లేదని వెళ్లిపోయాడు.

సమ్మతిపత్రం వచ్చిన రోజు, దానికి జవాబు ఆధారాలతో రాయాలని పాత నోటుపుస్తకాలన్నీ బల్ల మీద పరిచాను. ఆ గడి కింద ప్రతి ఆదివారానికీ రెండు అంకెలున్నాయి, బండి నిలిచాక ఇంజను ఆపేదాకా గడిచిన నిమిషాలు. ఒకటి తెక్కలకోటలో వాళ్లింటి ముందు ఆగినప్పటిది, రెండోది సాయంత్రం మా షెడ్డులో ఆగినప్పటిది. షెడ్డు అంకె అన్ని పేజీల్లోనూ ఒకటే: ఒక నిమిషం. తెక్కలకోటలో నాలుగు, తొమ్మిది, ఏడు, పదకొండు. నా భార్య పోయిన తర్వాతి ఆదివారం ఇరవై ఆరు. ఆ రోజు ఇద్దరం కారులోనే కూర్చున్నాం. లోపలి నుంచి వాళ్లావిడ రెండుసార్లు తలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్లింది.

బేరింగుకు ఒక నిమిషం చాలని మేస్త్రీ ఎప్పుడో చెప్పాడు. మిగిలిన నిమిషాలకు ఇంజనులో కారణం లేదు. ఇన్నేళ్లూ నా చేత్తో రాస్తూ కూడా ఆ సంగతి నేను గమనించలేదు. ఇది నా తప్పుగా నమోదు చేసుకున్నాను.

ఇప్పుడు ఆదివారాల్లో కారును షెడ్డులోంచి తీసి, కంటోన్మెంట్ చుట్టూ ఒక్కసారి తిప్పి, తెచ్చి పెడుతున్నాను. నిమిషం చూసుకొని ఆపుతున్నాను. "అయ్యింది" అని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

కాబట్టి, స్నేహితుడా, సమ్మతిపత్రాన్ని సంతకం లేకుండా తిప్పి పంపుతున్నాను. కారులో నీ సగం హక్కు నీకు అలాగే ఉంది. కింది రెండు ప్రశ్నలకు లిఖితపూర్వకమైన జవాబు కోరుతున్నాను. ఒకటి: పరీక్షనాడు, ఇంజను ఆగిపోయిన తర్వాత, అయ్యిందా అని నన్ను ఎందుకు అడిగావు? రెండు: నీ సగాన్ని వాడుకుంటావా, వదులుకుంటావా?

జవాబును పోస్టులో వేయరాదు. గుమాస్తా చేత రాయించరాదు, డ్రైవరు చేతికివ్వరాదు. నీ చేతిరాతతో రాసి, ఆదివారం ఆరాధన ముగిసే వేళకు చర్చి గేటు దగ్గర నీవే నా చేతికి ఇవ్వాలి.