ఇంజిన్ దించిన ఆదివారం

2015 జూన్‌లో నన్ను నల్లగొండ జిల్లా బ్యూరో ఇన్‌చార్జిగా వేశారు. ఆరు నెలలు ప్రొబేషన్. అప్పటికింకా జిల్లాలు విడిపోలేదు. యాదగిరిగుట్ట నుంచి కృష్ణ ఒడ్డు దాకా ఒకే జిల్లా, ఒకే బ్యూరో. నా కింద ముగ్గురు స్టాఫ్ రిపోర్టర్లు, మండలానికొకరు చొప్పున కంట్రిబ్యూటర్లు ఉండేవారు. స్టాఫ్ రిపోర్టర్‌ది నెల జీతం. కంట్రిబ్యూటర్ సొంత పనేదో చేసుకుంటూ మండలం వార్తలు పంపుతాడు. అతనికి జీతం ఉండదు గానీ పత్రిక ఇచ్చే గుర్తింపు కార్డు ఉంటుంది. ఆ కార్డు చూసి పోలీస్ స్టేషన్‌లోనూ తహసీల్దార్ ఆఫీసులోనూ కుర్చీ వేస్తారు. ఆ కుర్చీ కోసమే ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్లను చాలామందిని చూశాను.

చిట్యాల కంట్రిబ్యూటర్ పేరు లింగస్వామి. మేమిద్దరం ఒకే ఏడాది కంట్రిబ్యూటర్లుగా చేరాం. నేను పరీక్ష రాసి స్టాఫ్‌లోకి వెళ్లాను, అతను రాయలేదు. హైవే పక్కన అతనికి కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. వార్తల పని పెరిగాక దాన్ని తమ్ముడి చేతిలో పెట్టాడు. పదహారేళ్లుగా చిట్యాలలో మా పత్రిక అంటే అతనే. నలుగురిలో నన్ను సార్ అనేవాడు. ఇద్దరమే ఉన్నప్పుడు "ఏందిరా" అనేవాడు.

ఆగస్టులో నా పాత కారు నార్కట్‌పల్లి దగ్గర ఆవిర్లు కక్కి ఆగిపోయింది. లింగస్వామి మోటార్ సైకిల్ మీద వచ్చి బానెట్ ఎత్తాడు.

"నీళ్లు చూడకుండ గుట్ట దాంక పోయొచ్చినవా?"

"పొద్దున చూసిన."

"ఏ పొద్దున? పోయిన నెలదా?" కాసేపు లోపల తడిమి చూసి బానెట్ వేసేశాడు. "హెడ్డు వంగింది, బ్లాకు పగిలింది. గిది ఇగ ఇంజిన్ గాదు, తుక్కు."

కారును మరో బండికి కట్టి నల్లగొండలో నేను కిరాయికుంటున్న ఇంటికి చేర్చాం. వారం తిరక్కుండా అతనే హైదరాబాద్‌లో వెతికి, వెనుక భాగం నుజ్జయిన అదే రకం కారు నుంచి ఇంజిన్ తెప్పించాడు, కాగితాలతో సహా. ఇంజిన్ మారిస్తే కొత్త నంబరును రవాణా శాఖ రికార్డుల్లో ఎక్కించుకోవాలి. కాగితాలు లేని ఇంజిన్ జోలికి అతను పోలేదు. ఆదివారం నాకు వారాంతపు సెలవు. ఆ రోజే మా వాకిట్లో ఇంజిన్ మార్చాలనుకున్నాం.

కంట్రిబ్యూటర్‌కు సెలవు ఉండదు. మండలం దాటితే బ్యూరోకు చెప్పాలి. ఆ రోజుకు ఆ మండలాన్ని పక్క మండలం కంట్రిబ్యూటర్‌కు అప్పగించి, ఆ మాట రిజిస్టర్‌లో రాయాల్సింది బ్యూరో ఇన్‌చార్జి. శనివారం ఫోన్‌లో లింగస్వామే ఆ సంగతి ఎత్తాడు.

"నేనొస్తే ఈడ ఎవరు చూడాలె?"

"నార్కట్‌పల్లి ఆయనకు నేను చెప్త. నువ్వు రా."

"మర్షిపోయేవు మల్ల."

"ఇన్‌చార్జిని నేనా నువ్వా?"

మరిచిపోయాను.

ఆదివారం ఏడింటికల్లా అతను వచ్చేశాడు. బోరు మోటార్లు పైకి లాగేవాళ్ల మూడు కాళ్ల ఇనుప స్టాండును, చైన్ కప్పీని అడిగి తెచ్చాడు. బ్యాటరీ వైర్లు తీశాం, ఆయిల్ దించాం, బానెట్, రేడియేటర్ పక్కన పెట్టాం. ఇంజిన్‌కు వచ్చే ప్రతి వైరుకూ కాగితం చీటీ కట్టమన్నాడు. "నువ్వు హెడ్డింగులు పెట్టు, నేను ఇప్పుత," అన్నాడు. గేర్‌బాక్సు కింద జాకీ పెట్టి ఆనించాం. ఇంజిన్‌ను చాసిస్ మీద పట్టి ఉంచే రబ్బరు దిమ్మలను మెకానిక్కులు ఫౌండేషన్లు అంటారు. వాటి బోల్టులు తీసేసరికి పదకొండు దాటింది. పాత ఇంజిన్ ఊగుతూ పైకి లేచింది.

కొత్తది దించడం అంతకంటే కష్టం. గేర్‌బాక్సు షాఫ్టు క్లచ్ ప్లేటులోకి సూటిగా దిగాలి. ఒకరు చైన్ వదులుతుంటే మరొకరు లోపల చేయి పెట్టి సర్దాలి. చైన్ జారితే ఆ చేయి పోతుంది. చైన్ నా చేతిలో ఉంది, లోపల ఉన్నది అతని చేయి. మూడింటప్పుడు అతని ఫోన్ మోగింది. ఎవరో పెళ్లి వార్త వేయమని అడుగుతున్నారు. అతను పెట్టేయగానే నేను రెండు ఫోన్లూ మోగకుండా చేసి ఇంట్లో పెట్టి వచ్చాను. అతను అడ్డు చెప్పలేదు. నార్కట్‌పల్లి ఆయన చూసుకుంటున్నాడనే ధైర్యంలో ఉన్నాడు.

ఏడింటికి ఇంజిన్ అందుకుంది. లింగస్వామి బట్టల సబ్బుతో చేతులు రుద్దుకుంటూ చాలాసేపు దాని చప్పుడు విన్నాడు. "గుండెకాయ మంచిగ కొట్టుకుంటాంది," అన్నాడు. తర్వాత లోపలికెళ్లి ఫోన్లు తెచ్చాను.

అయిదింటికి చిట్యాల శివారులో, పత్తి చేలలో కలుపు తీసి వస్తున్న ఆడవాళ్ల ఆటోను లారీ గుద్దింది. ఇద్దరు చనిపోయారు. ఊరివాళ్లు గంటన్నర హైవే మీద కూర్చున్నారు. ఆఫీసులో డ్యూటీలో ఉన్న రిపోర్టర్ మా ఇద్దరికీ చేసిన కాల్స్ తెర నిండా ఉన్నాయి. లింగస్వామి అక్కడే గోడకానుకొని కూర్చుని ఎస్సైకి ఫోన్ చేసి వివరాలు రాసుకున్నాడు. జిల్లా పేజీలు తొమ్మిదింటికి మూసేలోపు చిన్న వార్త పంపగలిగాం. ఫొటో లేదు, రాస్తారోకో మాట లేదు. చనిపోయిన ఒకామె ఊరు తప్పు పడింది.

పొద్దున్నే, జిల్లా పేజీలు తయారయ్యే ఎడిషన్ ఆఫీసులో అన్ని పత్రికలూ పక్కపక్కన పరిచి, తోటివాళ్లకు వచ్చి మనకు రానివి గుర్తిస్తారు. దాన్ని మిస్సింగ్ అంటారు. పెద్ద మిస్సింగ్‌కు బ్యూరో ఇన్‌చార్జి రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలి. కంట్రిబ్యూటర్లను సొంత పనులకు వాడుకోవద్దని అంతకు నెల ముందే యాజమాన్యం సర్క్యులర్ పంపింది. నా ప్రొబేషన్ పూర్తి కావడానికి ఇంకా నాలుగు నెలలున్నాయి. నేను రాసిన వాక్యం ఇది: "చిట్యాల కంట్రిబ్యూటర్ బ్యూరో రిజిస్టర్‌లో నమోదు లేకుండా ఆ రోజు మండలం విడిచి వెళ్లారు." అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేకుండా జాగ్రత్తపడ్డాను. మందలించి వదిలేస్తారనుకున్నాను.

పది రోజులకు అతన్ని తొలగిస్తూ ఉత్తర్వు వచ్చింది. తొలగించిన కంట్రిబ్యూటర్ పేరుతో, ఇతనికి మా పత్రికతో ఎలాంటి సంబంధం లేదని జిల్లా పేజీలో బాక్సు వేయడం రివాజు. ఆ మూడు లైన్లు రాసి పంపాల్సింది కూడా బ్యూరో ఇన్‌చార్జే. రాసి పంపాను.

మరునాడు లింగస్వామి కార్డు ఇవ్వడానికి ఆఫీసుకు వచ్చాడు. గదిలో ఇద్దరమే ఉన్నాం. కూర్చోమంటే కూర్చోలేదు.

"నార్కట్‌పల్లి ఆయనను అడిగిన సార్. మీరు చెప్పనే లేదట."

"మర్షిపోయిన లింగస్వామీ."

"మనిషన్నంక మర్షిపోతడు సార్. దానికేమనను. గా సంగతి ఒక్క లైను రాస్తే అయిపోవు గదా."

కార్డు బల్ల మీద పెట్టాడు. "చచ్చిపోయినామె మొగడు పేపర్ తీస్కొని ఇంటికొచ్చిండు. ఊరి పేరు సుత తెల్వదా నీకు అన్నడు. ఏం జెప్పాలె?" తలుపు దాకా వెళ్లి ఆగాడు. "వెయ్యి కిలోమీటర్లు తిరిగినంక ఆయిల్ మార్పియ్యుండ్రి సార్. ఫౌండేషన్ బోల్టులు ఒకపారి బిగియ్యమనుండ్రి."

డిసెంబరులో నా ప్రొబేషన్ పూర్తయింది. ఆ కారును మరో అయిదేళ్లు నడిపాను, ఇంజిన్ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. లింగస్వామి మళ్లీ షెడ్డులో కూర్చున్నాడు. వేరే పత్రికలు పిలిచినా పోలేదని విన్నాను. ఒకసారి షెడ్డు ముందు కారు ఆపాను. తమ్ముడు బయటికొచ్చి, అన్న లేడని చెప్పాడు. అన్న చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి.

తర్వాత నా దగ్గర చేరిన కొత్త రిపోర్టర్లకు వివరణలు ఎలా రాయాలో నేర్పాను. ఘటనలో మీరు ఉంటే మొదటి వాక్యంలో మీ పేరే రాయండి, మిగతావాళ్ల సంగతి ఆ తర్వాత, అని చెప్పేవాణ్ని. ఎందుకో చెప్పలేదు. ప్రతి మాటా నిజమైన వాక్యంతోనే ఒక మనిషికి అన్యాయం చేయవచ్చని నా వృత్తిలో నేను నేర్చుకున్నది ఆ ఒక్కసారే. నేర్చుకున్నాక దాన్ని సరిదిద్దుతూ ఎడిషన్‌కు ఇంకో కాగితం పంపే అధికారం, పదవీ విరమణ చేసేదాకా నాకు ఉండింది. పంపలేదు.