మా వీధిలో మన్నా

నా చిన్నప్పుడు, మా అవ్వకు అక్షరం ముక్క రాకపోయినా బైబిలు కథలన్నీ నోటికి వచ్చేవి. ఆదివారం చర్చిలో విన్నదాన్ని ఇంటికొచ్చి, సంగటి కెలుకుతూ తన మాటల్లో మళ్లీ చెప్పేది. ఆమె చెబుతుంటే ఐగుప్తు దేశం కళ్యాణదుర్గానికి కాస్త అవతల ఉన్నట్టుండేది. ఇశ్రాయేలు జనమంతా మూటలు నెత్తిన పెట్టుకొని, మేకల్ని తోలుకుంటూ, మా ఊరి మిట్టల మీదుగానే నడిచి వెళ్లినట్టుండేది.

అన్నిటిలోకీ నాకు మన్నా కథంటే ఇష్టం. ఎడారిలో ఆకలితో అల్లాడుతున్న జనం తెల్లవారి లేచి చూస్తే, నేలంతా ధనియాల గింజలంత తెల్లటి ఆహారం పరుచుకొని ఉంటుంది. దేవుడు కురిపించిన ఆ కూడే మన్నా. ఆ మాటకు అర్థమేమని ఒకసారి అవ్వను అడిగాను. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

"మన్ను మీద పడింది కాబట్టి మన్నా. మన్ను లేంది కూడు యాడ నుంచి వస్తాది?"

పుట్టినప్పటి నుంచీ మట్టిలో పనిచేసిన మనిషి. ఆమెకు ఆ అర్థంలో ఏ లోటూ కనబడలేదు. నేను ఇంకేదో అడగబోతే మాత్రం కసిరింది. దేవుని మాటకు అర్థాలడగకూడదట, అడిగితే నమ్మకం లేనట్టట.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. వేరుశనగ చేలు ఊడలు దిగకముందే ఎండిపోయాయి. అమ్మా నాయనా కరువు పనికి, రోడ్డు మీద మట్టి మోయడానికి, పొద్దున్నే పోయేవాళ్లు. ఇంట్లో అవ్వా నేనూ మిగిలేవాళ్లం. సంగటి ముద్ద రోజురోజుకూ చిన్నదైపోతుంటే, అవ్వ తన ముద్ద విరిచి నా పళ్లెంలో వేసి, తనకు ఆకలి లేదనేది. నేను అది నిజమేననుకొని తినేసేదాన్ని.

అలాంటి రోజుల్లో మా చర్చికి కరువు సాయంగా కొన్ని బస్తాలు వచ్చాయి. వాటినిండా పసుపు రంగు మొక్కజొన్న రవ్వ. జొన్నలు, కొర్రలు, రాగులు తప్ప వేరే గింజ ఎరగని ఊరు మాది. అది దూరదేశంలో గుర్రాలకు పెట్టే దాణా అని, తింటే కడుపు ఉబ్బుతుందని ఎవరో అన్నారు. అంతే, వీధి వీధంతా దాన్ని ముట్టనంది. అందరికన్నా గట్టిగా పట్టుబట్టింది మా అవ్వే. "గుర్రాలు తినేది మనం తినాల్నా? కడుపు మాడినా సరే, నాకొద్దు" అని తెగేసి చెప్పింది.

మా పాస్టరమ్మది గుత్తి. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఆమె ఎవరితోనూ వాదించలేదు. ఒక సాయంత్రం చర్చి వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, పెద్ద గుండిగ ఎక్కించి, ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, తరగడానికి నన్ను పిలిచింది. పచ్చిమిరపకాయలు, కరివేపాకు వేసి తాలింపు పెట్టేసరికి ఆ వాసన వీధి చివరిదాకా పోయింది. ఒక్కొక్కరే వచ్చారు. తినడానికి వచ్చామని మాత్రం ఎవరూ అనలేదు. ఒకరు తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వచ్చారట, ఇంకొకరు పొయ్యిలోకి నిప్పు కోసం వచ్చారట. మా అవ్వేమో నన్ను ఇంటికి పిలుచుకుపోవడానికి వచ్చానంది. చూపు మాత్రం గుండిగ మీదే ఉంది.

పాస్టరమ్మ మూత తీసింది. ఆవిరి తేలిపోయాక, లోపల పసుపచ్చగా మెరుస్తూ, పొడిపొడిగా ఉప్మా కనిపించింది. అవ్వ ముందుకు వంగి చూసింది.

"ఇదేమమ్మా?"

పాస్టరమ్మ చప్పట్లు కొట్టింది. "అవ్వా, నువ్విప్పుడు మన్నా అన్నావు!"

"నేనెప్పుడంటి? ఇదేమని అడిగినా, అంతే కదా?"

"మన్నా అంటే అదే అవ్వా. ఆ జనం పొద్దున లేచి చూసి, పేరు తెలీక, వాళ్ల భాషలో ఇదేమి, ఇదేమి అని ఒకర్నొకరు అడిగినారు. ఆ అడిగిన మాటే దానికి పేరైపోయింది. బైబిలును మన తెలుగులోకి తెచ్చినోళ్లు కూడా ఆ మాటను అట్లే పెట్టినారు. నీ మాదిరే ఆ జనం కూడా అంతకుముందు చూడని కూడే అది. అడిగినారు, ఆమీట తిన్నారు."

అవ్వ ముఖంలో నిజమైన భయం కనిపించింది. "అట్ల అడిగితే దేవునికి కోపం రాల్యా?"

"యాడిది? మర్నాడు మళ్లీ కురిపించినాడు."

అవ్వ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమోనని నేను భయపడ్డాను. కాదు, నవ్వుతోంది. నవ్వుతూనే నేల మీద చతికిలబడి, పక్కనున్న విస్తరాకొకటి లాగి ముందు పెట్టుకుంది. "పెట్టు తల్లీ. నా ఇదేమి నాకు పెట్టు."

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు వీధంతా ఆమె ముఖంలోకే చూసింది. అవ్వ తీరిగ్గా నమిలి మింగి, "ఉప్పు తక్కువైంది" అంది. అందరూ పకపకా నవ్వి, ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. మేక సంగతి మళ్లీ ఎవరికీ గుర్తు రాలేదు. ఆకలి లేదంటూ ఉండే మా అవ్వ ఆ రోజు మళ్లీ మళ్లీ పెట్టించుకొని తింటుంటే, ఆమె అన్నాళ్లూ ఎంత ఆకలితో ఉందో నాకు అప్పుడు తెలిసింది. నా ఆకులోది కూడా కొంచెం తీసి ఆమె ఆకులో వేశాను. అవ్వ వద్దనలేదు.

అప్పటి నుంచి మా వీధిలో ఆ ఉప్మాకు ఇదేమి అనే పేరు స్థిరపడింది. "ఏమ్మే, ఇదేమి ఉడికిందా?" అని ఒకరినొకరు అడుగుతుంటే, చుట్టాలుగా వచ్చినవాళ్లు తెల్లముఖం వేసేవాళ్లు. తర్వాతి ఏడు వానలు పడ్డాయి, బస్తాలు రావడం ఆగిపోయింది. పేరు మాత్రం పోలేదు, దాని అర్థం మారింది. అనుకోకుండా ఏ మంచి జరిగినా దాన్ని ఇదేమి అనసాగారు. కిక్కిరిసిన బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినా, "ఈ పొద్దు నాకు ఇదేమి పడింది" అని మురిసిపోయేవాళ్లు.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. ఆదివారాలు మా చర్చిలో చిన్నపిల్లలకు కథలు చెబుతుంటాను. కథ మంచి పట్టులో ఉండగా ఎవరో ఒకరు చెయ్యెత్తి, ఫలానా మాటకు అర్థమేమని అడ్డం వస్తారు. పెద్దవాళ్లు ఉష్ అంటారు. నేను మాత్రం కథ ఆపేసి, ఆ పిల్లను ముందుకు పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. దేవుని ముందు కూర్చొని తెలియనిది అడగవచ్చనీ, అడిగినవాళ్లకు కూడా ఆయన కడుపునిండా పెడతాడనీ నాకు చిన్ననాడే తెలిసింది. నాకు జవాబు తెలిస్తే చెబుతాను. తెలియకపోతే, పిల్లలూ నేనూ కలిసి ఆ మాటను నోట్లో వేసుకొని కాసేపు నములుతాం.