గిన్నె ఖాళీగా పంపని మాస్టారు

ఇస్ఫరా లోయలో పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపే మనిషి ఇంకా పుట్టలేదు. నాలుగు అక్రోట్లో, గుప్పెడు కిస్‌మిస్‌లో వేసి పంపుతారు. వొహిద్ మాస్టారు మాత్రం పురుగులమందు పోసి పంపేవారు.

బడిలో ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాక పట్టుకున్న పిచ్చి అది. కొండవాలున దొరికిన ప్రతి చేదు మొక్కనూ కోసుకొచ్చి నానబెట్టడం, మరిగించడం, వడకట్టడం. మాచిపత్రి, వెల్లుల్లి, పొగాకు కాడలు... పెరట్లో పదిహేను కుండలు. ఆ వీధిలోకి ఈగ కూడా ముక్కు మూసుకునే వచ్చేది.

దానికి తోడు గుమ్మం గుమ్మం తిరిగి షూర్బో అడుక్కునేవారు. మాంసం చారు పోసిచ్చిన గిన్నె మర్నాడు ఆకుపచ్చ నీళ్లతో తిరిగొచ్చేది. మిల్లు ఉస్మోన్ భార్య పుదీనా రసమనుకుని ఓ చెంచాడు నోట్లో పోసుకుని, రెండు రోజులు నోరు విప్పలేదు. మూడోనాడు ఉస్మోన్ వచ్చి, "మాస్టారూ, ఇంకో గిన్నెడు ఉంటుందా?" అని చెవిలో అడిగాడు.

ఆ వసంతంలో ఆయన కన్ను సబోహత్ వంటింటి మీద పడింది. భర్త పోయిన నాటినుంచీ ఎవరి దగ్గరా చేయి చాచని మనిషి ఆమె. ఊళ్లోవాళ్లు గోధుమపిండి మూట తెచ్చిస్తే, గాడిద మీద వేసి వెనక్కి తోలింది. ఆమెకున్నదల్లా పన్నెండు ఖుబానీ చెట్లు. పళ్లు ఎండబెట్టి అమ్ముకుంటేనే చలికాలం గడుస్తుంది. ఆ ఏడు వాటికి పేనుబంక పట్టింది. ఆకులు ముడుచుకుపోయాయి. కాయ నిలిచేలా లేదు.

"మందు కొట్టిస్తానమ్మా" అన్నాడు ఉస్మోన్.

"నిన్నెవరైనా పిలిచారా?" అంది సబోహత్.

మర్నాడే గోడ అవతల మాస్టారి గొంతు. "సబోహత్! షూర్బో పెట్టావా?"

"మీ ఇంట్లో పొయ్యి వెలగడం లేదా మాస్టారూ?"

"మీ పొయ్యి రుచి వేరు తల్లీ."

తిండి అడిగిన మనిషికి లేదనడం ఆమెకు చేతకాదు. పోసిచ్చింది. గిన్నె కంపు కొడుతూ తిరిగొచ్చింది.

"ఇదేమిటి?"

"ఖాళీ గిన్నె ఇస్తే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి తంతుంది."

"దీన్ని నేనేం చేసుకోను?"

"పారబొయ్యి. నేల మీద వద్దు, కోళ్లు తొక్కుతాయి. అలా కొమ్మల మీదికి విసిరికొట్టు, ఆకుల అడుగు తడిసేలా. పొద్దువాలాక అయితే కంపు తక్కువ."

తిట్టుకుంటూ విసిరికొట్టింది. రోజూ అదే వరస. చారు వెళ్లడం, కంపు రావడం, ఆమె తిట్టడం, విసరడం. పదోనాడు గుమ్మం పక్క చెట్టు కింద తలెత్తి చూసి ఆగిపోయింది. పేనుబంక ఎండి రాలుతోంది. కొత్త చిగుళ్లు శుభ్రంగా ఉన్నాయి. అదీ తన చెయ్యి విసిరినంత మేరే. మిగతా పదకొండు చెట్లూ అలాగే మూలుగుతున్నాయి.

సబోహత్ తిన్నగా మాస్టారి భార్య ఇనోయత్ దగ్గరికి వెళ్లింది. ఆవిడ తందూరు ముందు రొట్టెలు కాలుస్తోంది.

"వదినా, ఆయనకు షూర్బో అంటే అంత ప్రాణమా?"

"షూర్బోనా! పెళ్లయి నలభై ఏళ్లు. ఆ కొవ్వు వాసన తగిలితే దుప్పటి ముసుగేసుకుంటారు. రిటైరైన దగ్గర్నుంచీ ఏ దయ్యం పట్టిందో, ముక్కు మూసుకుని గటగటా తాగేసి, అరగంట గోడ పట్టుకుని నిలబడుతున్నారు. పారబొయ్యండీ అంటే, 'తాగకపోతే గిన్నె నింపే హక్కు మనకెక్కడిదే?' అంటారు."

సబోహత్ ఇంటిదారి పట్టింది. ఊరికే ఇస్తే పుచ్చుకోదని, ఈ మనిషి రోజూ గిన్నెడు కొవ్వు మింగి మరీ ఇస్తున్నాడన్నమాట. దారంతా కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు.

మర్నాడు మాస్టారు ఇల్లు కదలకముందే ఆమే గుమ్మంలో ప్రత్యక్షమైంది. నెత్తిన బట్టలుతికే ఇనుప తొట్టె. దాని సైజు చూసి మాస్టారు అరుగు మీద కూలబడ్డారు.

"ఇంత... ఇంత షూర్బోనా తల్లీ?"

సబోహత్ తొట్టె దించింది. అడుగున రెండు గుప్పిళ్ల వేయించిన బాదంపప్పు. అంతే.

"పన్నెండు చెట్లున్నాయి మాస్టారూ. గిన్నెలతో ఎప్పటికి తెములుతుంది?"

మాస్టారు ఒక పప్పు తీసి అనుమానంగా వాసన చూశారు. నోట్లో వేసుకున్నారు. ఆయన మొహం రంజాన్ నెలవంకలా వెలిగింది.

"ఇనోయత్!" అని కేకేశారు, రెండో చేత్తో ఓ గుప్పెడు తీసుకుంటూ. "పెద్ద కాగు ఎక్కించు!"