రెండో గేరులో న్యాయ సలహా

బ్రేకు మాస్టారు బ్రేకు తొక్కితే కారొక్కటే ఆగదు. పక్క వీధిలో పెళ్లాంతో గొడవపడుతున్న మొగుడు కూడా సగం మాట దగ్గర ఆగిపోతాడు. నమ్మకపోతే ఆ మొగుణ్ణే అడగండి, మిగతా సగం ఏమిటో గుర్తురాక ఇప్పటికీ బుర్ర గోక్కుంటున్నాడు.

మాస్టారి పని కారు నేర్పడం. నేర్చుకునేవాళ్లు స్టీరింగు ముందు కూర్చుంటారు, ఆయన పక్క సీట్లో ఉంటారు. ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకూ ఒక క్లచ్చూ ఉంటాయి. అంటే నడిపేది మీరే గానీ, నడవనిచ్చేది ఆయన.

కాపురాన్ని కూడా ఆ పక్క సీట్లోంచే నడిపారు. భార్య ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మనుషుల లోపల ఏముందో రోజూ చూసే ఆవిడ, ఇంట్లో మాత్రం నోరు తెరిస్తే చాలు, "ఆగాగు, నువ్వు చెప్పబోయేది నాకు తెలుసు" అని మాస్టారు ఒక్క తొక్కు తొక్కేవారు. డ్యూటీ మార్చుకుంటానంటే తొక్కు. జుట్టు కత్తిరించుకుంటానంటే తొక్కు. కారు నేర్పమని అడిగితే, ఊరందరికీ నేర్పిన మహానుభావుడు "నీకెందుకే, నేనున్నాగా" అన్నారు. చివరికి ఆవిడ కూతుర్ని తీసుకుని, ఆస్పత్రికి దగ్గర్లో ఒక మేడమీద వాటాలోకి మారిపోయింది. విడాకులు కావాలంటూ కోర్టు నోటీసు పంపింది. నోటితో చెబితే పూర్తి చెయ్యనివ్వరని తెలుసుగా మరి.

విడాకులకు మాస్టారు పెద్దగా బెదరలేదు. "పోతే పోనీ" అని మీసం కూడా దువ్వారు. కానీ కూతురు మాట వచ్చేసరికి ఆ మీసం జారిపోయేది. ఆయన రైళ్లను కాలితో ఆపానన్నా, బస్సును వెనక్కి తోశానన్నా ఈ లోకంలో నమ్మే మనిషి ఆ రెండో తరగతి పిల్ల ఒక్కతే. ఆ పిల్లను కోర్టు తన దగ్గరికి రానిస్తుందా, రానివ్వదా? ఆయనకు తిండి సయించకుండా చేసిన ప్రశ్న ఇదొక్కటే.

జవాబు తెలిసినవాడు రోజూ పొద్దున్నే ఆయన పక్కనే కూర్చునేవాడు. లాయరు. విడాకుల కేసుల్లో పులి. కోర్టులో లేచి నిలబడితే అవతలి లాయరు గ్లాసులో నీళ్లు వణుకుతాయని చెప్పుకుంటారు. స్టీరింగు ముందు కూర్చోబెడితే మాత్రం ఆ పులే నీళ్లలా వణుకుతుంది. పుట్టి బుద్ధెరిగాక రెండో గేరు దాటలేదు.

"ఆఫీసుకు రండి మాస్టారూ, తీరిగ్గా మాట్లాడుకుందాం" అని లాయరు చాలాసార్లే పిలిచాడు. మాస్టారికి అక్కడే పరువు అడ్డొచ్చింది. పొద్దున తన చేత "తొక్కవయ్యా, పాదం అరిగిపోతుందా?" అని తిట్లు తినేవాడి గుమ్మంలో, సాయంత్రం తను బెంచీ మీద కూర్చుని పిలుపు కోసం ఎదురుచూడాలా? గురువు గురువే, శిష్యుడు శిష్యుడే. కార్లోనే అడిగేద్దాం అనుకున్నారు.

అడిగారు. మార్కెట్టు రోడ్డులో, ఎదురుగా లారీ వస్తుండగా అడిగారు.

"లాయరుగారూ, నా కూతుర్ని స్కూలు నుంచి నేను తీసుకెళితే తప్పా?"

లాయరు కళ్లు లారీకి అతుక్కుపోయాయి. "కాదు, కాదు."

"తండ్రినేగా?"

"తండ్రే, తండ్రే. మాస్టారూ, అది మన మీదికే వస్తోంది!"

"రానివ్వండి, దాని దారి దానికుంది. వాళ్లమ్మకు ముందు చెప్పాలా?"

"అక్కర్లేదు! ఎవరికీ ఏమీ అక్కర్లేదు! బ్రేకు, బ్రేకు, బాబోయ్!"

మాస్టారు తాపీగా కాలు ఆనించారు. లారీ పక్కనుంచి వెళ్లిపోయింది. ఆ క్షణంలో "ఆ లారీ మీ మేనమామేనా?" అని అడిగినా లాయరు అవుననేవాడు. కానీ మాస్టారి మొహం చూడాలి! పెద్ద కోర్టు తీర్పు జేబులో పడినంత వెలుగు. టీ కొట్టు నుంచి పంక్చరు షాపు దాకా "మా లాయరు చెప్పాడు" అని చాటింపు వేశారు.

మర్నాడు బడి వదిలే వేళకు ఎల్ బోర్డు కారు వేసుకుని స్కూలుకెళ్లారు. పిల్ల ఎగిరి గంతేసి ఎక్కింది. ఇద్దరూ పార్కులో ఉయ్యాలలూగారు, ఐస్‌క్రీములు తిన్నారు, ఊరి చివర దాకా షికారు కొట్టారు. ఫోను మోగుతూనే ఉంది. కార్లో ఫోను తియ్యకూడదని ఆయన శిష్యులకు నేర్పే మొదటి పాఠం కదా, అందుకని దిగినప్పుడు కూడా తియ్యలేదు.

చీకటి పడే వేళకు మేడ మెట్ల దగ్గర కారు ఆపారు. భార్య ఆస్పత్రి కోటుతోనే కింది మెట్టు మీద కూర్చుని ఉంది. పక్కన ఒక లేడీ పోలీసు. భార్య అరిస్తే బాగుండేది, తొక్కి ఆపడానికి ఆయనకో పనుండేది. ఆవిడ అరవలేదు. పిల్లను ఎత్తుకుని పైకి వెళ్లి తలుపు వేసుకుంది.

వాయిదా రోజున జడ్జి నాలుగు మాటల్లో తేల్చేశారు. మళ్లీ చెప్పేదాకా తండ్రి పిల్లను కలవకూడదు. ఈలోగా ఇద్దరూ మధ్యవర్తి దగ్గర కూర్చుని ఒక దారి చూసుకోండి.

అప్పుడు వెళ్లారు మాస్టారు లాయరు ఆఫీసుకు. బెంచీ మీదే కూర్చున్నారు. పిలిచేదాకా కూర్చున్నారు.

"మీరు చెప్పబట్టే కదయ్యా ఇదంతా!"

"నేనా? ఎక్కడ చెప్పాను?"

"మార్కెట్టు రోడ్డులో!"

లాయరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఈ కుర్చీలో అతను వేరే మనిషి. "మాస్టారూ, ఆ రోడ్డులో మీరడిగితే నా ఇల్లు కూడా రాసిచ్చేవాణ్ణి. కారు నడిపేవాణ్ణి కదిలించకూడదని మీరే కదా నేర్పారు? పిల్ల సంగతి అడిగే చోటా అది?"

మాస్టారు గోడ మీది క్యాలెండరు చూశారు.

"ఇప్పుడైనా వినండి. మధ్యవర్తి దగ్గర గెలవడాలు ఉండవు. పిల్లను మీతో పంపితే చెప్పిన వేళకు తిరిగొస్తుందని వాళ్లమ్మకు నమ్మకం కుదరాలి, అంతే. చేసింది తప్పని ఒప్పుకోండి. ఆవిడ మాట్లాడితే మధ్యలో దూరకుండా వినండి."

"ఎంతసేపు?"

"ఆవిడ ఆపేదాకా."

ఇంతకన్నా ఉరిశిక్ష నయం కదా అనిపించింది మాస్టారికి.

కోర్టులోనే ఉన్న మధ్యవర్తి గదిలో గుండ్రటి బల్ల, చెక్క నేల, మూలన ఆగిపోయిన ఫ్యాను. మధ్యవర్తి తల నెరిసిన పెద్దావిడ. ముందు భార్యను చెప్పమంది.

"ఆ రోజు నేను డ్యూటీ దిగి..."

టప్.

"స్కూలుకెళితే..."

టప్.

మధ్యవర్తి తలెత్తింది. "ఏమిటా చప్పుడు?"

"ఆయన కాలండీ," అంది భార్య. "నేను మాట్లాడితే దానంతటదే తొక్కుతుంది. పెళ్లయినప్పటి నుంచీ ఇంతే."

"అబద్ధమండీ! నేనెప్పుడూ..."

టప్.

మధ్యవర్తి బల్ల కిందికి వంగి చూసింది. "బాబూ, నోరు సరే, కాలు కూడా మీ మాట వినదా?"

భార్య ఆస్పత్రిలో రోజూ వాడే గొంతు తీసింది. "కదలకండి. ఊపిరి బిగబట్టండి."

మాస్టారు బిగబట్టారు. రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"ఎవరో నాన్నట, తీసుకెళ్లారన్నాడు వాచ్‌మన్," అంది ఆవిడ. "మీరైతే ఫోను తీస్తారుగా అనుకున్నాను. తియ్యకపోయేసరికి మీరు కాదనుకున్నాను. ఏమైనా అయిందేమోనని ఆస్పత్రికి పరిగెత్తాను. అప్పుడే యాక్సిడెంటులో దెబ్బలు తగిలిన ఒక పాపను తెచ్చారు. అదే యూనిఫాం. ఎక్స్‌రే నన్నే తియ్యమన్నారు. మొహం మీద గుడ్డ తీసేదాకా..." ఆగింది. ఎవరూ ఆపలేదు, తనే ఆగింది. "మన పిల్ల కాదు. ఎవరి పిల్లో. చేతులు వణుకుతుంటే రెండోసారి తియ్యాల్సి వచ్చింది."

ఆవిడ చెప్పబోయేది మాస్టారికి తెలియకపోవడం అదే మొదటిసారి. నిజానికి అంతకుముందు కూడా ఎప్పుడూ తెలిసి చావలేదు.

"లాయరు..." అని మొదలుపెట్టి మింగేశారు. "నీకు చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే."

ఆ మాట కోర్టు గోడలకు కూడా కొత్తే. విడాకులు ఆగలేదు, అంత సినిమా ఏమీ జరగలేదు. కానీ ఆదివారాలు దొరికాయి. మొదట్లో అక్కడే పిల్లల గదిలో, మధ్యవర్తి ఎదురుగా కలవాలి. తీసుకొచ్చేదీ తీసుకెళ్లేదీ తల్లే. బయటికి తీసుకెళ్లే సంగతి ఆవిడ సరేనన్నాకే.

మొదటి ఆదివారం పిల్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కాళ్లూపుకుంటూ సూటిగా అడిగింది.

"అమ్మకు చెప్పానన్నావుగా ఆ రోజు? మరి అమ్మెందుకు ఏడ్చింది?"

ఏనుగును చీమగా, చీమను ఏనుగుగా చెయ్యగల నోరది. ఒక్క కథైనా రాలేదు.

"చెప్పలేదమ్మా. నీకు అబద్ధం చెప్పాను."

"ఐతే ఈసారి నేనే చెప్తాలే అమ్మకి. నువ్వు మర్చిపోతావు."

వేళకు తల్లి గుమ్మంలోకి వచ్చింది. మాస్టారు లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు. "వచ్చే వారం పార్కుకు తీసుకెళ్లనా? నువ్వు చెప్పిన టైముకు తెచ్చి దింపుతాను."

"అప్పుడే వద్దు. ఇంకొన్నాళ్లు చూద్దాం."

ఆయన నోట్లో వంద వాదనలు తోసుకొచ్చాయి. ఒక్కదాన్నీ బయటికి పోనివ్వలేదు.

"సరే," అన్నారు.

పిల్ల కింద కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది, కుడికాలికి ఎడమది పెట్టుకుని. సరిచేద్దామని తల్లీ తండ్రీ ఒకేసారి వంగారు.

"జరగండిద్దరూ," అంది పిల్ల. "నాకొచ్చు."