జర్మ్స్ కాదు, ఎంగిలి

ఆఫీసులో ఎవరో కొరికి వదిలేసిన యాపిల్ వాసనకి అమెరికాలోని క్యారీ అనే ఊళ్ళో నా మూడో తరగతి గుర్తొచ్చింది. స్నేహితురాలు లిల్లీ తను కొరికిన యాపిల్ ఇవ్వబోతే నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అది ఏడ్చింది. టీచర్ కారణమడిగితే "ఎంగిలి" అని ఊరుకున్నాను.

సాయంత్రం సంగతి విని, నేను వదిలేసిన పెరుగన్నం తింటూ అమ్మ కసిరింది. "జర్మ్స్ అని చెప్పొచ్చుగా! రేపు అలా ఎక్స్‌ప్లెయిన్ చేసి సారీ చెప్పు."

"చెప్పను. లిల్లీ డర్టీ కాదు."

"మరి ఎంగిలంటే ఏంటే?"

"నువ్వు తినేది నా ఎంగిలేగా. అయితే అదీ జర్మ్సేనా?"

అమ్మ నవ్వుతూ ప్లేటు ఖాళీ చేసింది.

మర్నాడు కూడా నేను సారీ చెప్పలేదు. కొరకని యాపిల్ కోయించి సగం లిల్లీకిచ్చాను. నానమ్మ ఫోన్లో "కాస్త యెంగిలిపడవే తల్లీ" అని అన్నం తినమని బతిమాలేదీ ఎంగిలి అన్న మాటతోనే. దాన్ని జర్మ్స్ అనమంటే ఇప్పటికీ అనను.