స్లాబు నాటి మేకపిల్ల

ఇక్కడ గల్ఫ్‌లో, అరాద్‌లో మా కఫీల్, అంటే నన్ను పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని, కడుతున్న ఇంటికి నిన్న స్లాబు పోశారు. పనివాళ్లకు మటన్ వండించాడు. తడి సిమెంటు వాసనలో ఆ మటన్ వాసన కలిసేసరికి, డ్రైవరు సీట్లో కూర్చున్న నేను కారు అద్దాలు ఎక్కించేశాను.

చిన్నప్పుడు మా ఇంటి స్లాబు రోజున నాన్న నా మేకపిల్లకు పసుపు రాశాడు. గృహప్రవేశానికి ఆవు బదులు దాన్నే తోలుతారనుకొని మురిసిపోయాను.

"ఇల్లంటే ఇటుక, సిమెంటేనా బిడ్డా? స్లాబు నాడు యాట కొయ్యకుంటే మేస్త్రీ ఊకుంటడా?" అన్నాడు నాన్న.

మేస్త్రీని ఊరి పొలిమేర దాకా రాళ్లతో తరిమానని, మూడు రోజులు ముద్ద ముట్టలేదని ఇక్కడి రూములో అందరికీ చెప్తుంటాను. అంతా అబద్ధం. ఆ మధ్యాహ్నమే మేస్త్రీ పక్కన కూర్చుని, "అమ్మా, ఇంకో మూలుగ బొక్క ఎయ్యే" అన్నాను.

ఆ మేకపిల్లను ఏ పేరుతో పిలిచేవాణ్నో మరిచిపోయాను. మూలుగ రుచి మాత్రం గుర్తుంది. థూ!