నాన్న గుండె, రెండు కాటాలు

ఇప్పటికీ ఎవరైనా పళ్లెంలో లడ్డూ పెట్టి ఇస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎనభైల్లో మేం ఉత్తరాదిన, ఫ్యాక్టరీల ఊరి శివారు పర్సుడీహ్‌లో ఉండేవాళ్లం. నాన్న ఒక చిన్న ఫౌండ్రీలో కొలిమి ముందు పనిచేసేవాడు. నేను లారీల బరువు తూచే కాటా దగ్గర గుమాస్తాని. గుండెపోటు నుంచి లేచాక నాన్నకి ఊళ్లోనే ఎకో తీశారు. గుండెలో నిండిన రక్తంలో నూటికి ఎంత బయటికి తోస్తోందో చెప్పే నంబరు అందులో ముప్పై ఐదు వచ్చింది. డాక్టరు కొలిమి పని వద్దన్నాడు. స్టోర్సులో కుర్చీ పని ఇచ్చారు.

ఆరు నెలలకి కలకత్తాలో ఇంకో రకం స్కాన్ తీశారు. రక్తంలోకి కిరణాలు వదిలే మందు ఎక్కించి, కెమెరా కింద పడుకోబెట్టి తీసేది. అందులో నలభై ఆరు వచ్చింది. రైలు దిగి, నాన్నని ఇంట్లో దింపి, బిష్టుపూర్ బజారుకి వెళ్లి లడ్డూలు తెచ్చాను. మర్నాడు ఆ కాగితం నా చేత్తోనే ఫౌండ్రీ ఆఫీసులో ఇచ్చాను.

అక్కడి ఆఫీసరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "నంబర్ బఢ్ గయా" అని ఫిట్ రాసి పారేశాడు. పెరిగిందట. సోమవారం నుంచి నాన్నని మళ్లీ కొలిమి ముందు నిలబెట్టారు.

వారం తిరక్కుండా కాళ్లు వాచాయి. ఎకో తీసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన నామీద హిందీలో కేకలేశాడు. ఎకో అంటే శబ్దంతో తీసిన బొమ్మ, అందులో గుండె గోడల కదలిక చూసి తను అంచనా కడతాడు. కలకత్తాది కిరణాల లెక్క. దేని దారి దానిదే. ఇందులో ఒకటి, అందులో ఒకటి చూసి బాగుపడ్డాడని ఎవడన్నాడని అడిగాడు.

సిగ్గుతో చచ్చాను. లారీ నిండు బరువు నా కాటా మీద తూచి, ఖాళీ బరువుకి వేరే కాటా చీటీ చూపించే డ్రైవర్ని నేను నిలబెట్టి తిట్టేవాణ్ణి. అలాంటి నేను నాన్న గుండెని రెండు కాటాల మీద తూచి సంబరపడ్డాను.

అదే మెషిన్ మీద ఆయనే మళ్లీ తీశాడు. ముప్పై నాలుగు. అంటే ఏమీ మారలేదని ఉత్తరం రాసిచ్చాడు. ఆ ఆఫీసరు అదీ చదవకుండా, కలకత్తాలో నలభై ఆరున్నది ఇక్కడ తగ్గించి రాయించుకొచ్చావా అన్నాడు. వాడి బల్ల గుద్ది, నోటికొచ్చినట్టు తిట్టాను. ఉత్తరం పైకి చదివించి, నాన్నకి కుర్చీ పని మళ్లీ రాయించాకే కదిలాను.

కిందికి వస్తే, నా వెనకే ఆఫీసు మెట్లు ఎక్కబోయిన నాన్న రెండో మెట్టు మీదే కూలబడి రొప్పుతున్నాడు. ఆ కోపం ఇంకా దిగలేదు నాకు. ఒంట్లో బాగోలేదని ముందే చెప్పొచ్చు కదా అని ఆయన మీదా అరిచాను.

"నువ్వు లడ్డూలు తెచ్చీసినావు, ఇంట్లో అందరూ నవ్వుతన్నారు," అన్నాడు నాన్న. "అప్పుడేటి చెప్పీది, ఒరే?"